పాత ప్రశ్నపత్రం ముందు మూడు గంటలు

(2025 గ్రంథాలయ వారోత్సవాల్లో కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో ఇంటర్ విద్యార్థులు, తల్లిదండ్రుల ఎదుట ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి.

ముందుగా చిన్న పని. ఇంట్లో పాత ప్రశ్నపత్రాల పుస్తకం ఉన్న పిల్లలు చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు, మంచిది. ఇప్పుడు అందులో ఒక్క లెక్కల పేపరైనా జవాబులు మూసేసి, గడియారం ఎదురుగా పెట్టుకుని, మూడు గంటలు కదలకుండా రాసినవాళ్లు మాత్రం చెయ్యి ఉంచి మిగతావాళ్లు దించేయండి. నాలుగు చేతులు మిగిలాయి. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది దించేసిన ఆ చేతుల గురించే.

ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్‌కి లెక్కలు చెప్పాను. ఏటా ఒకటే వరస. సంక్రాంతి వెళ్తుంది, కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం అవుతుంది, భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం కూడా అయిపోతుంది. అప్పుడు గుర్తొస్తుంది, మార్చి దగ్గరకొచ్చేసిందని. పిల్లలు పుస్తకం పట్టుకుని వస్తారు: "మేస్టారూ, వచ్చేవి టిక్కు పెట్టండి." వెనకే తండ్రులు: "మావాడికి ఓ పది లెక్కలు గట్టిగా చెప్పండి మేస్టారూ, గట్టెక్కేస్తాడు."

ఒక ఏడాది నేను టిక్కులు పెట్టాను. పాత పేపర్లన్నీ ముందేసుకుని, ఏ లెక్క ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసి మరీ పెట్టాను. ఫస్టియర్ లెక్కల రెండో పేపరు 1బి లో త్రిభుజానికి లంబకేంద్రం, అంటే శీర్షాల నుంచి ఎదుటి భుజాలకు గీసిన లంబాలు కలిసే బిందువు, కనుక్కోమనే ఏడు మార్కుల లెక్క మీకు తెలుసు. మూడు శీర్షాలు ఇస్తారు, వాలులు కట్టి, రెండు లంబాల సమీకరణాలు రాసి, సాధిస్తాం. అది పిల్లలచేత ఎన్నిసార్లు చేయించానో లెక్కలేదు. పరీక్షలో లంబకేంద్రమే వచ్చింది. కానీ శీర్షాలు ఇవ్వలేదు, మూడు భుజాల సమీకరణాలు ఇచ్చారు. క్లాసులో ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి సెంటర్ బయట ఏడుస్తూ నిలబడింది. "మీరు చెప్పింది రాలేదు మేస్టారూ" అంది.

రాకపోవడం ఏమిటండీ, వచ్చింది! పుస్తకంలో ఉన్న ఒకటి తీసుకోండి: 7 ఎక్స్ ప్లస్ వై మైనస్ 10, ఎక్స్ మైనస్ 2 వై ప్లస్ 5, ఎక్స్ ప్లస్ వై ప్లస్ 2. ఒక్కోటీ సున్నాకి సమానం, ఇవి మూడు భుజాలు. మొదటి రెండూ సాధిస్తే (1, 3) అనే శీర్షం వస్తుంది. చివరి రెండూ సాధిస్తే (-3, 1). రెండు శీర్షాలు చాలు, మూడోది అక్కర్లేదు. పైగా వాలులు మనం కట్టక్కర్లేదు, సమీకరణాల్లోనే కనబడుతున్నాయి. అంటే ఆ అమ్మాయికి వచ్చిన లెక్క, నేను నేర్పినదానికంటే కాస్త సులువైనది. కానీ నేను ఆమెకు లంబకేంద్రం నేర్పలేదు, శీర్షాలిచ్చిన లంబకేంద్రం నేర్పాను. టిక్కు పెట్టింది నేను. ఆ తప్పు నాది, ఇన్నేళ్లయినా మరిచిపోలేదు. ఆ తర్వాత ఎవరి పుస్తకంలోనూ టిక్కు పెట్టలేదు.

మరి పాత పేపరు దేనికి? మీలో వ్యవసాయం ఇళ్ల పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. మన చేలగట్లకు పీత బొరియలు పడతాయి. ఎండుచేను గట్టు మీద ఎంత నడిచినా కొన్ని కనబడవు. కాలవ నీళ్లు తిప్పి మడి నిండా పెట్టాక, పక్క మడిలోకి ఎక్కడ బుడగలొస్తే అక్కడ ఉంది బొరియ. అప్పుడు గుప్పెడు బురద తీసి అక్కడే తొక్కుతాం. మీరు చదివిన పాఠానికి నీళ్లు పెట్టి చూడటమే పాత పేపరు రాయడం. పుస్తకం తెరిచి జవాబు చదువుతుంటే అన్నీ వచ్చినట్టే ఉంటాయి. అది ఎండుచేను మీద నడక. తెల్లకాగితం మీద మూడో లైను దగ్గర చెయ్యి ఆగిపోయిందే, బొరియ అక్కడుంది.

అందుకే ఎన్ని పేపర్లు చేశామన్నది నాకు ముఖ్యం కాదు. ఏటా మార్చిది ఒకటి, సప్లిమెంటరీది ఒకటి చొప్పున, అయిదేళ్లవి తీసుకుంటే ఒక్కో సబ్జెక్టుకు పది పేపర్లు దొరుకుతాయి. అందులో చివరి రెండూ ఇప్పుడు కనీసం చూడొద్దు. విత్తనాల వడ్లు వండుకు తినం కదా, అలా దాచండి. చూసేసిన పేపరు మళ్లీ కొత్తది కాదు. దాళ్వా నాట్లు, అంటే రబీ వరినాట్లు పడే రోజుల్లో పాతవాటితో మొదలుపెట్టండి. దాచిన రెండూ పరీక్షలకు పదిహేను రోజుల ముందు బయటికి తీయండి.

ఇప్పుడు సెకండియర్ పిల్లలు కాస్త దగ్గరగా వినండి. 2ఎ అయినా 2బి అయినా పేపరు 75 మార్కులకు. సెక్షన్ ఎ లో పది ప్రశ్నలు, రెండేసి మార్కులు, ఒక్కటి కూడా వదలడానికి లేదు. సెక్షన్ బి లో ఏడింటిలో అయిదు, నాలుగేసి మార్కులు. సెక్షన్ సి లో ఏడింటిలో అయిదు, ఏడేసి మార్కులు. ఇరవై, ఇరవై, ముప్పై అయిదు. చాయిస్ లేని ఆ ఇరవై మార్కులే చాలామందికి పోతున్నాయండి. "విస్తరణ కొలతలు వదిలేశాను", "సంభావ్యతా విభాజనాలు నాకు రావు" అంటారు. ఏడు మార్కుల దగ్గర వదిలితే చాయిస్ కాపాడుతుంది, రెండు మార్కుల దగ్గర ఎవరూ కాపాడరు. ప్రశ్నల వరుస దాదాపు పాఠాల వరుసే కాబట్టి, నాలుగు పేపర్లు పక్కపక్కన పరిస్తే ఏ పాఠం నుంచి ఏ సెక్షన్‌లో అడుగుతున్నారో మీకే తెలిసిపోతుంది. పాత పేపర్ల నుంచి అంచనా వేయదగ్గది అంతవరకే. ఏ పాఠానికి ఎంత బరువు అన్నది చూడండి, ఏ లెక్క వస్తుందో ఊహించకండి.

టైము సంగతి. మూడు గంటలంటే 180 నిమిషాలు. పేపరు చదవడానికి పది, చివర్లో సరిచూసుకోడానికి పది తీసేస్తే 160. రెండు మార్కులకు నాలుగు నిమిషాలు, నాలుగు మార్కులకు ఎనిమిది, ఏడు మార్కులకు పదహారు అనుకోండి. నలభై, నలభై, ఎనభై, సరిగ్గా 160. ఈ లెక్క నోట్సులో రాసుకుంటే ఉపయోగం లేదు, చేతికి అలవాటవ్వాలి. పదహారు నిమిషాలు దాటినా లెక్క తెగలేదంటే అర పేజీ వదిలి తర్వాతి దానికి వెళ్లిపోవాలి. ఆ వదలడం చాలా కష్టం, పంతం వస్తుంది. పరీక్షకు ముందు ఇంటి దగ్గర నాలుగైదుసార్లు వదిలినవాడే పరీక్షలో వదలగలడు.

ఇంకో లెక్క మీ కళ్లముందు చేస్తాను. ఫస్టియర్ 1బి లో చదివిందే. 80 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రేకు. నాలుగు మూలలా ఎక్స్ భుజం ఉన్న చతురస్రాలు కత్తిరించి, అంచులు పైకి మడిచి, మూతలేని పెట్టె చేయాలి. ఘనపరిమాణం గరిష్ఠం కావాలంటే ఎక్స్ ఎంత? ఘనపరిమాణాన్ని అవకలనం (డిఫరెన్షియేషన్) చేసి, సున్నాకి సమానం చేసి, ఉమ్మడిగా ఉన్న 4 బయటికి తీస్తే 3 ఎక్స్ స్క్వేర్ మైనస్ 110 ఎక్స్ ప్లస్ 600 వస్తుంది. కారణాంకాలు చేస్తే ఎక్స్ విలువ 30 గానీ, 20/3 గానీ. జవాబు 20/3. అందరూ రాస్తారు. 30 ఎందుకు కాదు? అడిగితే తల దించుకుంటారు. "పుస్తకంలో కొట్టేశారండీ" అంటారు.

ఇదిగో, ఆత్రేయపురం పూతరేకులు వచ్చిన అట్టపెట్టె ఒకటి తెచ్చాను. దీని మూత విప్పి పరిచాను చూడండి. వెడల్పు 30 అనుకోండి. ఈ మూల నుంచి 30 కత్తిరిస్తే అట్ట అయిపోయింది. అవతలి మూలకి కత్తిరించడానికి ఏముంది? రెండు వైపులా కలిపి 60 కావాలి, ఉన్నది 30. అంటే ఎక్స్ ఎప్పుడూ 15 లోపే ఉండాలి. ఈ ఒక్క వాక్యం జవాబులో రాయాలి. తర్వాత రెండో అవకలనం: 6 ఎక్స్ మైనస్ 110, దానికి బయట 4 తో గుణకారం. ఎక్స్ 20/3 అయితే 40 మైనస్ 110, అంటే మైనస్ 70, నాలుగుతో గుణిస్తే మైనస్ 280. రుణాత్మకం, కాబట్టి గరిష్ఠం. అప్పుడు లెక్క పూర్తయింది.

దీన్ని ఇక్కడ వదిలేయకండి. రేకు కొలతలు మార్చి 45, 24 అని మీరే పెట్టుకోండి. ఈసారి 18, 5 అని రెండు విలువలు వస్తాయి. ఏది తీసేయాలో, ఎందుకో మీ అంతట మీరు చెప్పగలిగితే ఆ లెక్క మీది. పాత పేపర్లో ప్రతి ఏడు మార్కుల లెక్కకీ ఇలా ఒక్క మార్పు చేసి మళ్లీ చేయండి. శీర్షాల బదులు భుజాలు, గరిష్ఠం బదులు కనిష్ఠం. నేను ఆ అమ్మాయికి అప్పుడు చేయించాల్సిన పని ఇదే.

పేపరు రాశాక దిద్దుకోవాలి. అసలు చదువు అక్కడే ఉంది. చాలామంది జవాబు సరిపోయిందో లేదో చూసి పేజీ తిప్పేస్తారు. స్పాట్ వాల్యుయేషన్‌లో మేము అలా దిద్దం. ప్రతి మెట్టుకీ ఇన్ని మార్కులని మా దగ్గర కాగితం ఉంటుంది. చివరి జవాబు తప్పినా సూత్రం రాసి, ప్రతిక్షేపించి, సగం దూరం సరిగ్గా వచ్చినవాడికి ఆ మేరకు మార్కులు పడతాయి. ఏమీ లేకుండా 20/3 అని గీత గీసినవాడికి వేయడానికి చెయ్యి రాదు. కాబట్టి మీ పేపరు మీ స్నేహితుడికిచ్చి, మెట్టు మెట్టుకీ దిద్దించండి. మన రాత మనకెప్పుడూ ముద్దుగానే కనబడుతుంది.

తప్పుల కోసం విడిగా ఒక పుస్తకం పెట్టండి. మా ఊళ్లో కొబ్బరి దింపు తీసే ఆయన కొడుకు ఒకడు నా దగ్గర చదివాడు. వాడు ప్రతి పేపరు తర్వాత, పోయిన మార్కు ఎందుకు పోయిందో ఒక్క లైను రాసేవాడు. సూత్రం మర్చిపోయాను, ప్రశ్న సరిగా చదవలేదు, టైము చాల్లేదు, ఇలా. ఆరో పేపరు దగ్గర పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. పేజీ పొడుగునా ఒకటే మాట: "బ్రాకెట్ ముందు మైనస్." వాడు సమాకలనం రాదనుకుని నెల్లాళ్లుగా బెంగపడుతున్నాడు. సమాకలనం వాడికి బ్రహ్మాండంగా వచ్చు, బ్రాకెట్ విప్పేటప్పుడు రెండో పదానికి గుర్తు మార్చడం మర్చిపోతున్నాడంతే. ఆ రోజు నుంచి మైనస్ ఉన్న బ్రాకెట్ దగ్గర ఒక లైను ఎక్కువ రాయడం మొదలుపెట్టాడు. వాడి టెన్షన్ సగం అక్కడే పోయింది.

ఫస్టియర్ పిల్లలు అడుగుతున్నారు, మాకు సిలబస్ మారింది కదా, పాతవి పనికొస్తాయా అని. నిజమే, 2025-26 నుంచి మీకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి, 1ఎ, 1బి కలిపి నూరు మార్కుల ఒకే పేపరైంది. కొన్ని పాఠాలు చోటు మారాయి. అందుకని పేపరు స్వరూపం కోసం, టైము కోసం బోర్డు ఇచ్చిన మోడల్ పేపరే చూడండి, నేను పైన చెప్పిన నిమిషాల లెక్క మీది కాదు. లెక్కల కోసం మాత్రం పాత పేపర్లు తీయండి. మీ పుస్తకంలో లేని ప్రశ్నను కొట్టేయండి, ఉన్నదాన్ని చేయండి. సరళరేఖ వాలు సిలబస్ మారితే మారేది కాదు.

ఇంజనీరింగ్ సీటు కోసం ఎప్‌సెట్ రాసేవాళ్లకు ఒక్క మాట. అక్కడ మూడు గంటల్లో 160 బిట్లు, అందులో 80 లెక్కలే. ఆ పాత పేపర్లు కూడా చేయాలి, కానీ బోర్డు పేపరుతో కలిపి ఒకే రోజు చేయకండి. ఒకచోట మెట్లు రాయాలి, ఇంకోచోట మెట్లు మింగాలి. ఒకే పూట రెండూ చేస్తే చెయ్యి తికమకపడుతుంది.

తల్లిదండ్రులకు నాదొక విన్నపం. మూడు గంటల పేపరు రాయడానికి పిల్లకి గానీ, పిల్లాడికి గానీ ఒక తలుపు కావాలి, ఆ మూడు గంటలూ ఎవరూ పిలవకూడదు. అమ్మాయిలను మరీనండి, పేపరు మధ్యలో లేపి కొట్టుకి పంపిస్తారు, పొయ్యి చూడమంటారు. ఆదివారం ఒక్క పూట ఆ పని మీరు చూసుకోండి. మార్కులెన్ని వచ్చాయని వెంటనే అడక్కండి. ఎక్కడ ఆగిందమ్మా అని అడగండి. మీకు లెక్కలు రాకపోయినా ఆ ప్రశ్న అడగొచ్చు.

ఇంట్లో అలాంటి చోటు లేని పిల్లలు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. అందుకే ఈ గ్రంథాలయం వాళ్లను అడిగాను, పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం నుంచి ఈ చదువుల గది ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా మనది. బోర్డు పరీక్ష వేళే పెట్టాను. మొదటి వారం 2బి, పాత మార్చి పేపరు. ఫస్టియర్ వాళ్లకు మోడల్ పేపరు జిరాక్సులు తీయించి ఉంచుతాను. రెండు పెన్నులు, ఒక పెన్సిలు, స్కేలు తెచ్చుకోండి. గైడు, ఫోను ఇంటి దగ్గర పెట్టి రండి. తొమ్మిదింటికి తలుపు వేసేస్తాను, పల్లెవెలుగు బస్సుకి వచ్చేవాళ్లు ముందు బస్సు ఎక్కండి.