ఓక్ చెట్ల పల్లం నుంచి మౌంట్ రోడ్డు దాకా

అందరికీ నమస్కారం. ఇంటిపేర్ల మీద ప్రసంగం అనగానే మన ఇంటిపేర్ల గురించే అనుకుని వచ్చినవాళ్లు నన్ను క్షమించాలి. ఇవాళ నేను మాట్లాడేది ఒక ఇంగ్లీషు ఇంటిపేరు గురించి. అలాగని మీరు ఎప్పుడూ విననిది కాదు.

నాకు ఆరేడేళ్లప్పుడు నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లాం. సెంట్రల్ స్టేషన్‌లో దిగగానే పుస్తకాల స్టాల్ కనిపించింది. బొమ్మల పుస్తకం కొనిపెట్టమని ఏడుపు మొదలుపెట్టాను. నాన్న స్టాల్ పైన బోర్డు చూపించి, "ముందు అది చదువు, తర్వాత కొంటాను" అన్నారు. అప్పుడప్పుడే ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటున్నాను. చాలాసేపు తంటాలు పడి "ఇగ్గింబాతం" అన్నాను. నాన్న నవ్వి, "హి అను, హి! హిగ్గిన్‌బాథమ్స్" అని దిద్దారు. పుస్తకం మాత్రం కొనిపెట్టారు.

అది ఒక మనిషి ఇంటిపేరని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. అదొక పుస్తకాల కంపెనీ పేరు, అంతే అనుకునేవాణ్ణి. ఏబెల్ జాషువా హిగ్గిన్‌బాథమ్ అనే ఆయన 1844లో మద్రాసులో ఆ కొట్టు పెట్టారు. ఆయన సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ పేరు పుట్టిన ఊరికి వెళ్దాం.

ఇంగ్లండు వాయవ్యాన, ఒకప్పటి లాంకషైర్ జిల్లాలో బోల్టన్ అనే పట్టణం ఉంది. దాని తూర్పు వైపు ఓకెన్‌బాటమ్ అనే చోటు ఉంది. ఇప్పుడు చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, ఇళ్ల మధ్యన ఓకెన్‌బాటమ్ రోడ్డు అని ఒక రోడ్డుంది. 'ఓకెన్' అంటే ఓక్ చెట్లకు సంబంధించినది. 'బాటమ్' అంటే ఇక్కడ మీరు అనుకునేది కాదు. వాగు పారే పల్లం, కొండల మధ్య అడుగున ఉండే నేల. మొత్తం కలిపితే ఓక్ చెట్ల పల్లం. ఆ పల్లంలో ఉండేవాణ్ణి పొరుగూరివాళ్లు "ఓకెన్‌బాటమ్ వాడు" అన్నారు. మన దగ్గర తాడేపల్లి వాళ్లు, కొండపల్లి వాళ్లు అయినట్టే వాళ్లూ అయ్యారు. ఇందులో వింతేమీ లేదు.

మరి ఓకెన్‌బాటమ్ హిగ్గిన్‌బాథమ్ ఎలా అయింది? లాంకషైర్ కోర్టు రికార్డుల్లో 1246 నాటి ఒక పేరు ఉంది: అలెగ్జాండర్ డి అకిన్‌బోథమ్. 'డి' అంటే 'ఫలానా చోటి' అని. పైకి ఒకసారి అని చూడండి: అకిన్‌బోథమ్. ఆ ప్రాంతపు పల్లె ఇంగ్లీషులో 'హ' శబ్దానికి నిలకడ లేదు. ఉండాల్సిన చోట ఎగిరిపోతుంది, అక్కర్లేని చోట వచ్చి కూర్చుంటుంది. ఆ లెక్కన అకిన్ కాస్తా హికిన్ అయింది. 'క' మెత్తబడి 'గ' అయింది. దానికి తోడు హిగ్గిన్ అనేది అప్పటికే జనం నోట్లో నలిగిన పేరు. రిచర్డ్‌కి ముద్దుపేరు హిక్, దాని నుంచి వచ్చిందే హిగ్గిన్. ఓక్ చెట్లను ఎప్పుడో నరికేశారు, ఓకెన్ అంటే ఏమిటో ఎవరికీ పట్టలేదు. అర్థం కాని ముక్కను తెలిసిన పేరులోకి మార్చేసుకున్నారు. అలా చెట్టు పోయి మనిషి వచ్చాడు.

ఇక రెండో సగం, బాథమ్. క్రికెట్ చూసేవాళ్లకు ఇయన్ బోథమ్ గుర్తొచ్చే ఉంటాడు. 1980లో బొంబాయి గోల్డెన్ జూబ్లీ టెస్టులో సెంచరీ కొట్టి, పదమూడు వికెట్లు తీసి మనల్ని ఏడిపించినవాడు. ఆయన ఇంటిపేరుకీ అర్థం పల్లమే. హడర్స్‌ఫీల్డ్‌లో పుట్టిన ఎడమచేతి బౌలర్ రయన్ సైడ్‌బాటమ్ కూడా ఆ తెగవాడే. రామ్స్‌బాటమ్, లాంగ్‌బాటమ్, వింటర్‌బాటమ్, షఫుల్‌బాటమ్ అన్నీ ఉత్తర ఇంగ్లండులోని పెన్నైన్ కొండలవే. ఆ కొండల వాలు మీద వాగులెన్నో, పల్లాలన్ని, పల్లానికో ఇంటిపేరు.

ఇక్కడ ఒక మాట చాలామంది చెప్తుంటారు. బాటమ్ అంటే ఇవాళ్టి ఇంగ్లీషులో కూర్చునే భాగం కదా, ఆ పేరు పెట్టుకుని తిరగడం సిగ్గనిపించి, కాస్త డబ్బు చేరగానే మర్యాదగా బాథమ్ అని రాసుకున్నారని. వినడానికి బాగుంటుంది, సభలో నవ్వులూ వస్తాయి. నేనూ కొంతకాలం నమ్మాను. కానీ ఇందాకటి 1246 పేరు మళ్లీ చూడండి, అకిన్‌బోథమ్. అందులో 'థ' ఉండనే ఉంది. పాత ఇంగ్లీషులోనే ఆ మాటకు 'ట'తో ఒక రూపం, 'థ'తో ఒక రూపం ఉన్నాయి. ఎవడో సిగ్గుపడి మార్చుకునే నాటికే బోథమ్ వయసు వందల ఏళ్లు. సిగ్గుపడి మార్చుకున్నవాళ్లు అసలు లేరని అనను, ఉండే ఉంటారు. కానీ మొత్తం కథ సిగ్గుది కాదు, గుమాస్తాది.

ఆ గుమాస్తా ఏం చేసేవాడో చెప్తాను. ఇంగ్లండులో 1538 నుంచి ప్రతి చర్చిలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, చావులు రిజిస్టర్లో రాయాలని ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఉత్తర్వు ఇచ్చాడు. పిల్లను ఎత్తుకుని ఒక నేతపనివాడు వస్తాడు. పేరు చెప్తాడు. అతనికి అక్షరాలు రావు. రాసేవాడు తన చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకుంటాడు. వచ్చే ఏడు ఇంకో పిల్ల, ఇంకో పాదిరి, ఇంకో స్పెల్లింగు. 1754 నుంచి పెళ్లి రిజిస్టర్లో వధూవరులు సంతకం చేయాలని చట్టం వచ్చింది. సంతకం రానివాళ్లు ఒక ఇంటూ గుర్తు పెట్టేవాళ్లు, మన వేలిముద్రలాగే. ఆ ఇంటూ గుర్తు పక్కన ఉన్న స్పెల్లింగు ఎవరిది? పెట్టినవాడిది కాదు కదా. హిగ్గిన్‌బాటమ్, హిగిన్‌బాథమ్, హెగిన్‌బాటమ్, హెగిన్‌బాథమ్, హికిన్‌బాటమ్, హికిన్‌బాథమ్... ఇన్ని రకాలు తయారయ్యాయి. స్కూళ్లు వచ్చి, ఎవరి పేరు వాళ్లే రాసుకోవడం నేర్చాక గానీ ఇవి గడ్డకట్టలేదు. అప్పటికి ఎవరి కాగితంలో ఏది ఉంటే అదే వాళ్ల వంశగౌరవం అయిపోయింది.

స్పెల్లింగు ఇంత ఊగినా మనుషులు మాత్రం పెద్దగా కదల్లేదు. ఈ పేర్ల పరిశోధకులకు 1881 జనాభా లెక్కలు అక్షయపాత్ర. ఆ లెక్కల్ని మొత్తం ఎత్తిరాసి కంప్యూటర్లోకి ఎక్కించారు కాబట్టి ఏ పేరువాళ్లు ఏ జిల్లాలో ఎందరున్నారో మ్యాపు మీద రంగు వేసి చూడొచ్చు. స్మిత్ అని కొడితే దేశమంతా రంగే. హిగ్గిన్‌బాథమ్, దాని తోబుట్టువులు కొడితే లాంకషైర్ ఆగ్నేయపు మూల, చెషైర్ తూర్పు అంచు, డెర్బీషైర్ కొండల మొదలు, అంతే. ఆష్టన్, హైడ్, స్టాక్‌పోర్ట్, మార్పుల్, గ్లాసప్. ఇవన్నీ పక్కపక్క ఊళ్లే.

చూశారా, ఆ ముద్ద బోల్టన్ చుట్టూ లేదు, దానికి ఆగ్నేయంగా జరిగి ఉంది. బోల్టన్ నుంచి ఎవరో ఒకరిద్దరు అటు వెళ్లి అక్కడ పిల్లాపాపలతో వర్ధిల్లారా? లేక ఆ కొండల్లోనే ఇంకో ఓక్ చెట్ల పల్లం ఉండి, ఊరు పోయి పేరు మిగిలిందా? నా మొగ్గు రెండోదాని వైపు. గ్లాసప్ దగ్గర ఎథెరో నది ఒడ్డున బ్రాడ్‌బాటమ్ అని ఇప్పటికీ రైలు ఆగే ఊరుంది. పల్లాల పేర్లకు ఆ పక్క కరువేమీ లేదు.

కదలకపోవడానికి ఒక కారణం 1662 నాటి చట్టం. బీదవాళ్లను పోషించే బాధ్యత ఎవరి పారిష్‌ది, అంటే చర్చి పరిధిలోని ఊరిది, వాళ్లదే. పరాయి ఊరివాడు వచ్చి ఉంటే, రేపు వీడు మన నెత్తిన పడతాడేమోనని అక్కడి పెద్దలు వెనక్కి పంపించేయొచ్చు. బీదవాడికి వలస అంత తేలిక కాదు.

రెండో కారణం నాకు ఇంకా ఇష్టం. నీరు పల్లమెరుగు అంటాం కదా. నూలు మిల్లులు నీటినెరుగు. ఆవిరి యంత్రాలు పుంజుకోకముందు మిల్లు తిరగాలంటే వాగు కావాలి. ఎథెరో వచ్చి గోయిట్‌లో కలుస్తుంది, గోయిట్ స్టాక్‌పోర్ట్ దగ్గర టేమ్‌తో కలిసి మెర్సీ నది అవుతుంది. 1790ల మొదట్లోనే మార్పుల్ పక్కన మెలర్ దగ్గర శామ్యూల్ ఓల్డ్‌నో పెద్ద మిల్లు కట్టాడు. పని వెతుక్కుంటూ ఎక్కడికో పోవాల్సిన జనానికి పనే వాళ్ల పల్లంలోకి దిగి వచ్చింది. పల్లాల పేర్లు మోస్తున్న మనుషులు మళ్లీ ఆ పల్లాల్లోనే చిక్కుకుపోయారు. ఇష్టంగానో కష్టంగానో.

ఒక చిన్న దృశ్యం చెప్తాను. 1886 తర్వాత బ్రిటిష్ పార్లమెంటులో హై పీక్ నియోజకవర్గ సభ్యుడు విలియం సైడ్‌బాటమ్. పక్క నియోజకవర్గం స్టాలీబ్రిడ్జ్ సభ్యుడు టామ్ హారప్ సైడ్‌బాటమ్. ఆ పక్కదైన హైడ్ సభ్యుడు జోసెఫ్ వాట్సన్ సైడ్‌బాథమ్. మొదటి ఇద్దరికీ 'ట', మూడోవాడికి 'థ'. ముగ్గురూ కన్సర్వేటివ్‌లే, ముగ్గురూ 1900 దాకా కూర్చున్నారు. సభలో హాజరు పిలిచేవాడికి ఎంత టెన్షనో! హిగ్గిన్‌బాథమ్ కాకపోయినా ఆ పేరు వరసకు తమ్ముడే అవుతుంది, అందుకే చెప్పాను. మా పేరువాళ్లకు రాజకీయాల కన్నా చదువు మీద మోజు ఎక్కువనిపిస్తుంది. ఆష్టన్ లైబ్రరీ, టెక్నికల్ స్కూలు భవనానికి ఒక హెగిన్‌బాటమ్ పేరుంది. స్టాక్‌పోర్ట్ చరిత్రను లావుపాటి సంపుటాలుగా రాసినాయన హెన్రీ హెగిన్‌బాథమ్. 'మా పేరు' అన్నానా? అలవాటైపోయింది, ఏమనుకోకండి.

ఓడ ఎక్కినవాళ్ల సంగతి త్వరగా ముగిస్తాను. ఐర్లండు వెళ్లిన శాఖ ఒకే 'గ'తో హిగిన్‌బాథమ్ అని రాసుకుంది. డబ్లిన్‌లో పుట్టిన జార్జ్ హిగిన్‌బాథమ్ ఆస్ట్రేలియా వెళ్లి, 1886లో విక్టోరియా ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనకు అధ్యక్షుడు హార్లో హిగిన్‌బాథమ్. అరేబియా దక్షిణాన బ్రిటిష్‌వాళ్ల రేవు ఏడెన్‌కి 1950ల్లో గవర్నర్ సర్ టామ్ హికిన్‌బాథమ్. అమెరికాలో పేరుమోసిన నల్లజాతి న్యాయమూర్తి లియాన్ హిగ్గిన్‌బాథమ్. ఒకే ఇంటిపేరు కనిపించగానే ఒకే రక్తం అనుకోకూడదు. అమెరికాలో బానిసత్వం కింద నలిగిన ఎన్నో కుటుంబాలకు యజమానుల పేర్లు అంటుకున్నాయి. అలాంటి చోట మ్యాపు మీద రంగు చుట్టరికాన్ని చెప్పదు.

మన దేశానికి ఇద్దరు వచ్చారు, ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగు పట్టుకుని. మాంచెస్టర్‌లో 1874లో పుట్టిన శామ్ హిగ్గిన్‌బాటమ్ అమెరికాలో చదివి, 1903లో మిషనరీగా అలహాబాదు చేరాడు. వచ్చింది మతం పనికి, మనసు పడింది సేద్యం మీద. యమున అవతల నైనీలో 1910లో వ్యవసాయ విద్యాలయం పెట్టాడు. ఇప్పుడది ఆయన పేరుతోనే విశ్వవిద్యాలయం. 'ట'తోనే.

'థ'తో వచ్చినాయన మన ఏబెల్ జాషువా. టికెట్ లేకుండా ఓడలో దాక్కుని వస్తే కెప్టెన్ మద్రాసులో దింపేశాడని ఆ రోజుల నుంచీ ఒక కథ. కథకు సాక్ష్యం అడగొద్దు, అది లేకపోతే కొట్టుకు రుచి తగ్గుతుంది. మిషనరీల పుస్తకాల కొట్టులో పనిచేసి, అది నష్టాల్లో ఉన్నప్పుడు తనే కొనేశాడు. 1859లో మద్రాసు గవర్నర్‌గా వచ్చిన ట్రెవెల్యన్ ఆ కొట్టును మెచ్చుకుంటూ బావమరిది మెకాలేకి ఉత్తరం రాశాడంటారు. తండ్రి తర్వాత కొడుకు వ్యాపారాన్ని పెంచాడు. మౌంట్ రోడ్డు మీద ఇప్పుడున్న తెల్లటి భవనం 1904 నాటిది. దక్షిణాది రైల్వే స్టేషన్లలో స్టాళ్లు పడ్డాయి. కుటుంబం చేతుల్లోంచి వ్యాపారం ఎప్పుడో వెళ్లిపోయినా బోర్డు మాత్రం మారలేదు. లాంకషైర్‌లో పుట్టిన పల్లం పేరు మద్రాసు ప్లాట్‌ఫాంల మీద వేళ్లూనింది.

ఈ ప్రసంగం కోసం కాగితాలు తిరగేస్తున్నప్పుడు 1246 నాటి ఆ అకిన్‌బోథమ్‌ను చూసి కాసేపు ఆగిపోయాను. ముందు 'హ' లేదు. చివర 'థమ్'. మా నాన్న ఉంటే ఫోన్ చేసి చెప్పేవాణ్ణి: "నాన్నా, ఆ రోజు సెంట్రల్‌లో నేను చదివింది ఏడొందల ఏళ్ల కిందటి పాఠం. లాంకషైర్ కోర్టు గుమాస్తా అక్కడే ఉండుంటే, హి అనమని నన్ను దిద్దేవాడు కాదు, నాకే మార్కులు వేసేవాడు."