మైన్‌క్రాఫ్ట్ పాండాలలో దాగిన గోధుమ రంగును పట్టుకోవడం ఎలా?

[తెరపై: వెదురు అడవి. నలుపు తెలుపు పాండాల మధ్య ఒక గోధుమ రంగు పాండా.]

నమస్కారం. మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్‌కు కంప్యూటర్ రూపమైన జావా ఎడిషన్‌లోకి పాండాలు 2019లో, 1.14 వెర్షన్‌తో వచ్చాయి. వాటిలో గోధుమ రంగు పాండా అడవిలో సగటున 64కు ఒక్కటే పుడుతుంది కనుక, చాలామంది దానికోసం అడవులన్నీ గాలిస్తుంటారు. అంత శ్రమ అవసరం లేదు. ఆ రంగు మీ దగ్గరున్న మామూలు పాండాలలోనే దాగి ఉండవచ్చు.

ప్రతి పాండాకూ రెండు జన్యువులుంటాయి. ఒకటి ముఖ్య స్థానంలో, మరొకటి మరుగున ఉంటుంది. పిల్ల పుట్టేటప్పుడు జతలోని ఒక్కో పాండా నుంచి ఒక్కో జన్యువు యాదృచ్ఛికంగా వస్తుంది. వచ్చిన రెండింటిలో ఏది ముఖ్య స్థానానికి చేరాలన్నదీ యాదృచ్ఛికమే.

[తెరపై: ఏడు జన్యువుల పట్టిక.]

సాధారణ, బద్ధక, భయస్థ, ఆటకోరు, దూకుడు జన్యువులు బహిర్గతమైనవి. బలహీన, గోధుమ జన్యువులు అంతర్గతమైనవి. పదో తరగతిలో మెండెల్ బఠాణీ మొక్కల గురించి చదివినవారికి ఈ మాటలు తెలిసినవే, కానీ ఇక్కడి నియమం కొంత వేరు. ముఖ్య స్థానంలో బహిర్గత జన్యువు ఉంటే, మరుగున ఏమున్నా ఆ లక్షణమే కనిపిస్తుంది. ముఖ్య స్థానంలో అంతర్గత జన్యువు ఉండి, మరుగున కూడా అదే లేకపోతే, పాండా సాధారణంగా కనిపిస్తుంది. అంటే ముఖ్య స్థానంలో గోధుమ, మరుగున బద్ధకం ఉన్న పాండా గోధుమగానూ ఉండదు, బద్ధకంగానూ ఉండదు.

నా దృష్టిలో ఈ ఆటలోని అసలు కీలకం ఇదే, ఎందుకంటే సాధారణంగా కనిపించే పాండాలో ఒక్క సాధారణ జన్యువైనా లేకపోవచ్చు. అడవిలో పుట్టే పాండాకు ఒక్కో స్థానంలో సాధారణ జన్యువు వచ్చే అవకాశం 16లో 5, బలహీన జన్యువుకు 5, గోధుమకు 2, మిగిలిన నాలుగింటికి ఒక్కొక్కటి. రెండు స్థానాలనూ కలిపి చూస్తే 256 పాండాలలో సగటున 163 సాధారణంగా కనిపిస్తాయి, వాటిలో 48 గోధుమ జన్యువును మోస్తుంటాయి. అంటే దాదాపు 10కి 3. బద్ధకంగా కనిపించే పాండాలలో ఆ వాటా 8కి 1 మాత్రమే. కాబట్టి జత కోసం వెతికేటప్పుడు సాధారణ పాండాలనే ఎక్కువగా పోగుచేయండి.

[తెరపై: జత కట్టే పాండాలు, చుట్టూ వెదురు.]

మీ దగ్గర ఒక గోధుమ పాండా ఉంటే పరీక్ష సులభం. అనుమానమున్న పాండాను దానితో జత కట్టించండి. ఆ పాండాలో గోధుమ జన్యువుంటే పిల్లలలో దాదాపు సగం గోధుమగా పుడతాయి. వరుసగా ఐదు పిల్లలూ వేరేగా పుడితే, జన్యువు ఉండి కూడా అలా జరిగే అవకాశం సుమారు 3 శాతమే కనుక, దాన్ని పక్కన పెట్టవచ్చు. గోధుమ పాండా లేకపోతే రెండు సాధారణ పాండాలతో మొదలుపెట్టాలి. రెండూ ఆ జన్యువును మోస్తున్నవైతే పిల్లలలో సగటున నాలుగింట ఒకటి గోధుమగా పుడుతుంది.

ఇక్కడ ఒక సంతోషకరమైన విషయం చెప్పాలి. చైనాలోని చిన్‌లింగ్ పర్వతాలలో నిజంగానే గోధుమ రంగు పాండాలున్నాయి. వాటి రంగు కూడా అంతర్గత లక్షణమేనని, బేస్‌2 (Bace2) అనే జన్యువులో 25 డీఎన్‌ఏ క్షారాలు, అంటే జన్యువును రాసే అక్షరాల్లాంటివి, లేకపోవడంతో దానికి సంబంధముందని 2024లో పరిశోధకులు ప్రకటించారు. ఆటలోని నియమం అంతకు ఐదేళ్ల ముందే ఉంది.

[తెరపై: రెండు గోధుమ పాండాలు, నలుపు తెలుపు పిల్ల.]

చివరిగా ఉత్పరివర్తనం. పిల్లకు అందిన ఒక్కో జన్యువు 32లో ఒక వంతు అవకాశంతో చెరిగిపోయి, దాని స్థానంలో కొత్తది వస్తుంది. అందువల్ల రెండు గోధుమ పాండాలకు పుట్టే పిల్లలలో 100కి సుమారు 95 మాత్రమే గోధుమగా ఉంటాయి. మిగిలిన వాటిని వదిలేయకండి. వాటిలో రెండో జన్యువు దాదాపు ఎప్పుడూ గోధుమదే కనుక, పెరిగాక మళ్లీ గోధుమ పాండాతో జత కట్టిస్తే సగం పిల్లలు ఆ రంగులోనే పుడతాయి.