ఎపిసోడ్ 41: శవం మోకాలు గోక్కుంది

అన్న: నమస్తే. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి మేడ మీంచి మళ్లీ మేమే. నవలను నాటకం చేస్తే ఏం మిగులుతుంది, ఏం పోతుంది? పోయిన వారం చెప్పినట్టు ఇదే ఇవాళ్టి సంగతి.

చెల్లె: పోయిన వారం నువ్వు చెప్పింది వంకాయల గురించి.

అన్న: ఆ వంకాయల ముచ్చట ఇక వదిలెయ్, చెల్లె.

బావ: వినేవాళ్లు వదలరు బావా.

చెల్లె: సరే, ఊరూరు తిరుగుతున్న ఆ నాటకం శనివారం మన దగ్గర ఆడింది కదా. నవల పేరు చెప్పను, హంతకుడు పేరులోనే ఉన్నాడు. పోలింగ్‌కు ముందు రాత్రి ఒక అభ్యర్థిని చంపేస్తారు. తెల్లారేసరికి నాలుగు పార్టీలూ వచ్చి ‘మా మనిషే’ అంటాయి. ఎవరు చంపారన్నది ఎవరికీ పట్టదు. శవం ఎవరిదన్నదే పంచాయితీ.

అన్న: నవలలో వెటకారమంతా కథ చెప్పేవాడి గొంతులో ఉంటుంది. స్టేజీ మీద దాన్ని పంచనామా రాసే కానిస్టేబుల్‌కిచ్చారు. చిందు భాగోతంలో నవ్వించే బుడ్డర్‌ఖాన్ వేషం లాగా మధ్యమధ్యలో వచ్చి అంటించి పోతుంటాడు. బాగా కుదిరింది. ఆ సంగతి అయిపోయింది, ఇక శవం దగ్గరికి వద్దాం.

చెల్లె: అప్పుడే అయిపోయిందా!

అన్న: శవాన్ని బెంచీ మీద పడుకోబెట్టారా, ఒక్కో పార్టీ వాడు వచ్చి కండువా కప్పి, ఫొటో దిగి పోతున్నాడా. మూడో కండువా పడింది. కింది నుంచి ఒక చెయ్యి మెల్లగా బయటికొచ్చి, మోకాలు గోక్కుని, మళ్లీ లోపలికి పోయింది.

బావ: దోమ.

చెల్లె: వెనుక వరుసలో ఒకాయన ‘ఆగుండ్రి, ఇంకా ఓటెయ్యాలె ఆయన’ అన్నాడు. కానిస్టేబుల్ వేషం కట్టినాయన కూడా నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు.

అన్న: అదే అసలు నాటకం! వచ్చే వారం పాలమూరు షోలో కావాలనే పెట్టాలి దాన్ని.

చెల్లె: అస్సలు వద్దు. తర్వాత సీన్ ఏమైందో చూశావా? భార్య వస్తుంది. ఒక్కో కండువా తీసి మడతపెట్టి పక్కన పెడుతుంది. మెడ మీది గాటు మొదటిసారి కనిపించేది అప్పుడే. జనం అప్పటికీ కిసకిసా నవ్వుతూనే ఉన్నారు. ఆమె గొంతు ఎవరికి వినిపించింది?

అన్న: నవ్విన జనాన్నే కదా ఏడిపించాలి. నవ్వించడం చిన్న పనా? 1876లో...

బావ: పది రూపాయలు. డబ్బాలో వెయ్యి.

అన్న: వేస్తా, ముందు విను. వేల్స్ యువరాజును ఇంటికి పిలిచి మర్యాదలు చేసిన వకీలు మీద కలకత్తాలో ఒక ప్రహసనం ఆడారు. సర్కారుకు మండింది. అదే ఏడు నాటకాల మీద చట్టం వచ్చింది. కేంద్రం దాన్ని పూర్తిగా రద్దు చేసింది 2018లో! తెల్లదొరలు పోయి డెబ్బై ఏళ్లయినా అది ఉంది. 1947లో సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మా భూమి’ నాటకాన్ని కళాకారుల దళాలు ఊరూరు తిరిగి ఆడితే దాన్నీ నిషేధించారు. అందుకే అంటున్నా, మోకాలు ఉండాలి.

చెల్లె: చట్టానికీ మోకాలికీ ఏం సంబంధం?

అన్న: ఉంది.

చెల్లె: లేదు. దోమ కుడితే గోక్కున్నాడు, దాన్ని తిరుగుబాటు చేస్తున్నావు.

బావ: రేపు కావాలని గోక్కుంటే అంత నవ్వు రాదు. అది మాత్రం నిజం.

అన్న: నువ్వు ఎటువైపు బావా?

చెల్లె: నవ్వించినవాళ్ల సంగతి తెచ్చావు కాబట్టి చెప్తున్నా. 1989 జనవరి 1న సాహిబాబాద్ దగ్గర ఝండాపూర్‌లో వీధి నాటకం ఆడుతుంటే సఫ్దర్ హష్మీని కొట్టారు. మర్నాడు చనిపోయాడు. 4వ తేదీన ఆయన భార్య మలయశ్రీ తోటి కళాకారులతో అదే చోటికి వెళ్లి, ఆగిపోయిన నాటకం పూర్తి చేసింది. శనివారం స్టేజీ మీద ఆ భార్య కండువాలు మడతపెడుతుంటే నాకు మలయశ్రీయే గుర్తొచ్చింది. చుట్టూ నవ్వులు. లేచి వెళ్లిపోదామనిపించింది.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

అన్న: నాతో అననే లేదు.

చెల్లె: నువ్వు చప్పట్లు కొడుతున్నావు.

బావ: ఆ శవం పిల్లాడు షో అయ్యాక మిర్చిబజ్జీల బండి దగ్గర నిలబడి కాళ్లకు ఓడోమాస్ రాసుకుంటున్నాడు. ఇక ప్రతి షోకూ ముందే రాసుకుంటాడట.

అన్న: అయ్యో, పాడు చేశాడు!

చెల్లె: బంగారం లాంటి పిల్లాడు. అయితే పాలమూరుకు నేనూ వస్తా, ఆ సీన్ మళ్లీ చూడాలి. మల్లేపల్లి, కల్వకుర్తి మీదుగా పోదాం.

అన్న: హైదరాబాద్ మీంచి పోదాం, రోడ్డు బాగుంటుంది.

చెల్లె: ఎంత చుట్టు అది! కల్వకుర్తిలో చాయ్ తాగొచ్చు కదా ఇటు నుంచైతే.

అన్న: చాయ్ కోసం రోడ్డు మారుస్తామా?

బావ: ముందు ఆ పది రూపాయలు వెయ్యి. వేశాకనే ఆపుతా ఇది.

అన్న: చిల్లర లేదు బావా. ఫోన్‌పే ఉందా ఆ డబ్బాకు?