మూడు దుప్పులు, ఒంటి మీద ఒక్క గాయం లేదు: అడవిలో చచ్చిన జింక కనబడితే ముందు ఎక్కడ చూడాలి?

(స్క్రీన్ మీద: ఎండిన టేకాకులు, వాటి మీద అడుగుల చప్పుడు, దూరంగా ఒక కుంట)

మూడు చుక్కల దుప్పులు. రెండు పెద్దవి, ఒకటి పిల్ల. ములుగు జిల్లా తాడ్వాయి అవతల ఒక కుంట పక్కన, దగ్గర దగ్గరగానే పడున్నాయి. గొంతు మీద పంటి గాటు లేదు, నెత్తురు మరక లేదు, కాళ్లకు ఉచ్చు లేదు. పొట్టలు మాత్రం డప్పుల్లా ఉబ్బి ఉన్నాయి, మూతి దగ్గర నురగ ఎండిపోయి ఉంది.

నమస్తే అందరికీ. ఇది పోయిన ఎండాకాలం సంగతి. నేను వెంటనే ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాను, నాతో వచ్చిన మా చిన్నాయన మాత్రం వాటి వైపు ఒక్కసారి చూసి, "దగ్గరికి పోకు" అని నన్ను ఆపి, తను కుంట చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్లుగా ఆ అడవి అంచున మేకలు కాసిన మనిషి. చచ్చినవాటిని వదిలేసి నేల చూసుకుంటూ తిరుగుతున్నాడేంటని నాకు విసుగొచ్చింది కూడా. ఆయన ఏం వెతికాడో చివర్లో చెప్తాను, ముందు అసలు మన అడవుల్లో జింకలు దేనివల్ల చస్తాయో చూద్దాం.

(స్క్రీన్ మీద: ఏటూరునాగారం, పాకాల, కవ్వాల్ అడవులు గుర్తుపెట్టిన మ్యాప్)

జింక చచ్చిందంటే మన ఊళ్లలో అందరి నోటా వచ్చే మొదటి మాట "పులి తిరుగుతోందట". వాట్సాప్‌లో పాత ఫొటో ఒకటి తిరిగితే చాలు, రెండు రోజులు పత్తి చేలకు కూలోళ్లు రారు. కానీ పులి చంపితే గుర్తులు చాలా స్పష్టంగా ఉంటాయి. పెద్దపులైనా చిరుతైనా ఎక్కువగా గొంతు పట్టుకుంటుంది, కాబట్టి మెడ దగ్గర కోరపళ్లు దిగిన లోతైన రంధ్రాలు కనిపిస్తాయి. చంపిన చోటే తినదు, పొదల్లోకి ఈడ్చుకుపోతుంది, ఆ ఈడ్చిన జాడ నేల మీద చీపురుతో ఊడ్చినట్టు ఉంటుంది. పెద్దపులి సాధారణంగా వెనక తొడల నుంచి తినడం మొదలుపెడుతుంది, చిరుత పొట్ట, ఛాతీ వైపు నుంచి. రేచుకుక్కలు అయితే మందగా వచ్చి, జంతువు పూర్తిగా చావకముందే పొట్ట చీల్చి తింటాయి. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది గానీ అది వాటి బతుకు.

ఊరకుక్కల పని వేరు. వెనక కాళ్ల మీద, పిర్రల మీద అడ్డదిడ్డంగా కొరికిన గాట్లుంటాయి, తిన్నది తక్కువ, చీల్చింది ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో కుంటలు ఎండి జింకలు నీళ్ల కోసం ఊళ్ల అంచుకు వస్తాయి, అటవీ శాఖవాళ్లు ట్యాంకర్లతో సాసర్ పిట్లు, అంటే జంతువుల కోసం కట్టిన పళ్లెం లాంటి నీటి తొట్లు, నింపుతూనే ఉంటారు, అయినా కొన్ని బయటకు వస్తాయి. వచ్చినవాటిలో కొన్ని గట్టులేని వ్యవసాయ బావుల్లో పడతాయి, కొన్ని ఏటూరునాగారం మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారి లాంటి చోట లారీల కింద పడతాయి, మిగతావి కుక్కలకు దొరుకుతాయి.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కుక్కల నుంచి కాపాడి, కాళ్లు కట్టేసి, బడి ఆవరణలో పడుకోబెట్టి, నీళ్లు తాగించి, ఊరంతా చుట్టూ మూగి సెల్ఫీలు దిగిన జింక మరుసటి రోజు చచ్చిపోతుంది. ఒంటి మీద చెప్పుకోదగ్గ దెబ్బ ఉండదు. దీన్ని క్యాప్చర్ మయోపతి అంటారు. ప్రాణభయంతో పరిగెత్తీ పెనుగులాడీ కండరాలు లోపల దెబ్బతింటాయి, వాటి నుంచి రక్తంలోకి వచ్చే పదార్థాలు కిడ్నీలను పాడుచేస్తాయి, గుండె ఆగిపోతుంది. కొన్ని గంటల్లో కావచ్చు, కొన్ని రోజులకు కావచ్చు. అందుకే జింక దొరికితే కళ్లకు గుడ్డ కట్టి, చీకటి గదిలో, చప్పుడు లేకుండా ఉంచి అటవీ శాఖకు ఫోన్ చేయాలి. మనం చేసేది సరిగ్గా దీనికి రివర్స్. ప్రేమతోనే చంపుతాం.

ఇక కరెంటు. ఇది మాట్లాడాలంటేనే నాకు టెన్షన్. అడవి పందుల కోసం, దుప్పి మాంసం కోసం 11 కేవీ లైన్ మీద కొక్కెం వేసి, మోకాలి ఎత్తులో తీగ లాగుతారు. తగిలిన జంతువు అక్కడికక్కడే పడిపోతుంది. కాలి మీదో మూతి మీదో సన్నగా కాలిన గీత ఉంటుంది, వెంట్రుకలు కమిలి ఉంటాయి, చుట్టుపక్కల గడ్డి కాలి ఉండొచ్చు, కర్ర గూటాలు కొట్టిన గుంతలు వరసగా కనిపిస్తాయి. మాంసం ఎత్తుకుపోయినా ఆ గుంతలు మిగులుతాయి. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో కూంబింగ్‌కు వెళ్లిన ఒక గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఇలాంటి తీగ తగిలే చనిపోయాడు. కాబట్టి అడవిలో చచ్చిన జింక కనబడగానే పరిగెత్తుకుంటూ పోవద్దు. ఉన్నచోటే ఆగి, ముందు నేల మీదా మోకాలి ఎత్తులోనూ తీగ ఉందేమో చూడండి. వెలుతురు తగ్గితే అసలు అడుగే వేయొద్దు.

రోగాలకొస్తే, యూట్యూబ్‌లో ఈ టాపిక్ వెతికితే అన్నీ అమెరికా వీడియోలే వస్తాయి. అక్కడ ఎండాకాలం చివర్లో చెరువుల పక్కన జింకలు గుంపుగా చచ్చి కనిపిస్తే చాలాసార్లు అది ఈహెచ్‌డీ అనే వైరస్. దోమ కన్నా చిన్నగా ఉండే కుట్టే పురుగులు అంటిస్తాయి, జ్వరంతో ఒళ్లు కాలి జింకలు నీళ్ల దగ్గరికి వచ్చి పడిపోతాయి, మంచు కురిసి పురుగులు చస్తే చావులు ఆగుతాయి. మన గొర్లకాపరులను ఏడిపించే నీలి నాలుక వ్యాధి కూడా ఆ జాతి పురుగుల వల్లే వస్తుంది. అయితే కుంట పక్కన చచ్చాయి కాబట్టి ఈహెచ్‌డీ అని ఆ వీడియో చూసి ఇక్కడ తేల్చేయడం కుదరదు.

మన దగ్గర భయపడాల్సింది దొమ్మరోగానికి. అదే ఆంత్రాక్స్. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం చాపలబండలో గొర్రెలు చనిపోతే పరీక్షలో తేలింది ఇదే. ముక్కు, నోరు, మలద్వారం నుంచి నల్లటి నెత్తురు కారుతుంది, అది గడ్డకట్టదు, కళేబరం తొందరగా ఉబ్బుతుంది, కానీ సరిగ్గా బిగుసుకోదు. దీన్ని కోశారో, క్రిములకు గాలి తగిలి స్పోర్లుగా, అంటే గట్టి పెంకు కట్టుకున్న విత్తనాల్లా, మారతాయి, ఆ స్పోర్లు మట్టిలో ఏళ్లకేళ్లు, దశాబ్దాలు కూడా బతికి ఉంటాయి. కోయకుండా వదిలితే లోపలి క్రిములు చాలావరకు ఆ కుళ్లులోనే చస్తాయి. డాక్టర్లు కూడా పొట్ట కోయరు, చెవి దగ్గర ఒక చుక్క రక్తం తీసి గాజు పలక మీద పూసి చూస్తారు. "ఇప్పుడే చచ్చింది, వేడిగానే ఉంది, కోసుకుందాం" అనే బ్యాచ్ ప్రతి ఊళ్లో ఉంటుంది కదా, ఈ ఒక్క ముక్క వాళ్లకు పంపండి. పైగా 1972 వన్యప్రాణి చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం చచ్చి దొరికిన అడవి జంతువు కూడా ప్రభుత్వ ఆస్తే. కొమ్ము ఇంటికి తెచ్చి గోడకు కొట్టినా కేసే.

నాము సంగతి పెద్దవాళ్లకు తెలుసు. వాన లేక వాడిన లేత జొన్న, కోశాక వచ్చే పిలకలు మేస్తే పశువు నిలబడ్డచోటే కూలుతుంది, అందులో తయారయ్యేది సైనైడ్ విషం. జింకకూ మినహాయింపు లేదు.

(స్క్రీన్ మీద: మళ్లీ కుంట)

ఇప్పుడు ఆ మూడు దుప్పుల దగ్గరికి వద్దాం. నెత్తురు కారలేదు, పంటి గాటు లేదు, కాలిన గీత లేదు. ఒక్కటి చస్తే దాని ఒళ్లు చూడాలి, మూడు ఒకేచోట చస్తే అవి తిన్నది, తాగింది చూడాలి. మా చిన్నాయన చూసింది అదే. కుంటలో కొంచెం నీళ్లున్నాయి, కానీ ఒడ్డు చుట్టూ రేగుకంప కొట్టి అడ్డం వేసి ఉంది. పశువులు రాకుండా రైతు వేశాడేమో అనుకున్నాను. "ఇక్కడ చేనేది, రైతేడి?" అన్నాడు. ఇరవై అడుగుల అవతల, మోదుగ చెట్టు కింద, బకెట్ పట్టేంత గుంత తవ్వి, లోపల నల్ల పాలిథిన్ కవర్ పరిచి, అందులో నీళ్లు పోసి ఉన్నాయి. కవర్ అంచు మడతలో తెల్లటి గుళికలు ఇంకా కరగకుండా నాలుగైదు మిగిలాయి.

యూరియా. మనం వరికి చల్లేదే. దాహంతో వచ్చిన దుప్పికి కుంట దారి మూసేసి ఈ గుంత ఒక్కటే వదిలారు. నెమరేసే జంతువు పొట్టలో యూరియా అమ్మోనియాగా మారుతుంది, అది ఒక్కసారిగా రక్తంలోకి ఎక్కితే పొట్ట ఉబ్బి, నోట నురగ వచ్చి, కాళ్లు కొట్టుకుని పడిపోతుంది. దూరం పోలేదు, అందుకే నీళ్ల దగ్గరే దొరుకుతుంది. వేటగాళ్లకు కావాల్సింది అదే. తుపాకీ చప్పుడు లేదు, తీగ లేదు. ఈ మూడింటిని ఎందుకు వదిలేశారో మరి, మనుషుల అలికిడి విని పారిపోయి ఉంటారు.

సిగ్నల్ దొరికేదాకా కిలోమీటరు నడిచి అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేశాను. ఆయన పశువుల డాక్టర్‌ను వెంటబెట్టుకుని వచ్చేసరికి మూడు దాటింది. చెవి రక్తం చూసి దొమ్మ కాదని ఒక అంచనాకు వచ్చాకే కోశారు. పొట్ట తెరవగానే వచ్చిన వాసన బడి బాత్రూమ్ వాసనే, అంత దూరంలో ఉన్న నాకూ కళ్లు మండాయి. గుంతలో నీళ్లు, పొట్టలో ఉన్నది సీసాల్లోకి తీసి ల్యాబ్‌కు పంపుతామన్నారు. కళేబరాలను అక్కడే కట్టెలు పేర్చి కాల్చేశారు, లేకపోతే వాటిని తిన్న నక్కలూ కాకులూ కూడా పోతాయేమోనని.

పొద్దు గూకుతుంటే అందరం జీపు వైపు నడిచాం. వెనక్కి తిరిగి చూస్తే చిన్నాయన రాలేదు. ఫొటోలు తీయడం అయిపోయిందా అని బీట్ ఆఫీసర్‌ను అడిగి, తువ్వాల చేతికి చుట్టుకుని, కుంట చుట్టూ ఉన్న రేగుకంప ఒక్కొక్కటే పీకి అవతల పడేస్తున్నాడు. "రాత్రికి మిగతావి వస్తయి గదా" అన్నాడు. నేనూ ఫోన్ జేబులో పెట్టి ఒక కొమ్మ పట్టుకున్నాను.