కంటి కింద చూడకుండా బ్రీమ్ పేరు చెప్పకండి!

రంగు చూసి పగడపు దిబ్బల చేపకు పేరు పెట్టేవాళ్ళను నేను నమ్మను. నమ్మను గాక నమ్మను!

పోయిన వీడియోలో రెండు ఫోటోలు పెట్టాను, గుర్తుంది కదా? ఒకదాంట్లో వేలెడంత పిల్ల చేప, ఒంటి మీద పసుపు, నలుపు చారలు. రెండోదాంట్లో జానెడు చేప, మూతి దగ్గర మొదలై కంటి కిందుగా వంపు తిరిగి వీపు దాకా ఎగబాకే తెల్ల పట్టీ. రెండూ ఒకటే జాతి, స్కోలోప్సిస్ బైలినియాటా అనే బ్రీమ్ చేప అన్నాను. అంతే, కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు. "అన్నా, ఫోటో చూసి చేప పేరు చెప్పే యాప్‌లో వేరే పేరు చూపిస్తోంది, నువ్వు ఎప్పుడైనా చేపను చూశావా?" అని ఒకాయన.

చూశానండీ. మీ యాప్ ఆ చారలు చూసి మోసపోయింది. దాన్నీ తప్పుపట్టను, సముద్రంలో పెద్ద చేపలే మోసపోతున్నాయి! అక్కడ అవే చారలతో మెయాకాంథస్ అని ఒక బుల్లి చేప ఉంది. కింది దవడలో విషపు కోరలు. దాన్ని నోట్లో వేసుకున్న చేప మింగలేక ఉమ్మేస్తుంది. ఆ విషంలో నల్లమందు లాంటి పదార్థం ఉందని, బీపీ పడిపోయేలా చేస్తుందని 2017లో శాస్త్రవేత్తలు బయటపెట్టారు. మన బ్రీమ్ పిల్లకు కోరలూ లేవు, విషమూ లేదు. ఆ వేషం మాత్రం వేసుకుని తిరుగుతుంది. ఫిజీలో ఆ కోరల చేప ఒళ్ళంతా పసుపు, కాబట్టి అక్కడి బ్రీమ్ పిల్లా పసుపే. ఊరు మారితే చొక్కా మార్చేసింది. ఇప్పుడు చెప్పండి, ఏ రంగు చూసి పేరు పెడతారు?

కంటి కింద చూడండి. స్కోలోప్సిస్ అంటే మోనోకిల్ బ్రీమ్‌లు. చేప చేతికొస్తే ముఖం పక్కకి తిప్పండి. సరిగ్గా కంటి కింద ఉన్న ఎముక మీద వెనక్కి వాలిన ముల్లు ఉంటుంది, గులాబీ కొమ్మ మీద ఉన్నట్టు. తోక వైపు నుంచి మూతి వైపు వేలు జరిపితే గుచ్చుకుంటుంది. ఐస్‌లో పెడితే రంగు వెలిసిపోతుంది, ముల్లు ఎక్కడికీ పోదు. విశాఖ హార్బర్‌లో దిగే గులాబీ రంగు త్రెడ్‌ఫిన్ బ్రీమ్ ఉందే, కేరళవాళ్ళ కిళిమీన్, అది ఈ కుటుంబమే. కానీ దానికి ఆ ముల్లు ఉండదు. హోటల్ బఫేలో మీరు లొట్టలేసుకుంటూ తినే క్రాబ్ స్టిక్ చాలాసార్లు ఆ చేప ముద్దే. పీత కాదు. సారీ.

ముల్లు చూశాకే పట్టీల గురించి మాట్లాడండి. దవడ పక్కన, మొప్ప మూత మీద నిలువుగా తెల్ల పట్టీ ఉంటే స్కోలోప్సిస్ వాస్మెరి. వీపు రెక్క అడుగున, దాని వెంబడే వెండి గీత ఉంటే స్కోలోప్సిస్ సిలియాటా.

ఇక బ్రీమ్ అని పిలిచే ఇంకో చేప, మోనోటాక్సిస్. పెద్ద కళ్ళు, గుండ్రటి ముఖం, బిగ్ఐ బ్రీమ్ అంటారు. కంటి కింద ముల్లు లేదు, కుటుంబమే వేరు. నోరు తెరిస్తే పక్క పళ్ళు మన దవడ పళ్ళలా చదునుగా ఉంటాయి, నత్తల గుల్లలు నమలడానికి. పగలంతా నీళ్ళలో కదలకుండా వేలాడుతుంది, రాత్రే వేట. వీపు మీద నల్ల మచ్చలు, మధ్యలో తెల్ల పట్టీలు. ఆ పట్టీలను క్షణాల్లో తెస్తుంది, క్షణాల్లో దాచేస్తుంది. అందులోనే గ్రాండోక్యులిస్, హెటెరోడాన్ అని రెండు జాతులున్నాయి, చాలాకాలం రెండింటినీ ఒకటే అనుకున్నారు.

అసలు తప్పంతా "బ్రీమ్" అనే మాటది, ఇది నా సొంత థియరీ. యూరప్ చెరువుల్లోని అసలు బ్రీమ్ మన బొచ్చె, శీలావతిల చుట్టం. ఓడలెక్కి వచ్చిన తెల్లవాళ్ళు పక్కలు నొక్కినట్టుండే చేప ఏది కనబడినా ఇంటి చేప గుర్తొచ్చి బ్రీమ్ అనేశారు. ఆస్ట్రేలియా నదుల్లో బోనీ బ్రీమ్ అని ఒకటుంది, అది మన పులస చుట్టం! రంగు చూసి పేరు పెట్టే జబ్బు, ఆకారం చూసి పేరు పెట్టే జబ్బు, రెండూ ఒకటే.

ఇంకో ముచ్చట, ఆపుకోలేను. ఇండోనేషియా లెంబే జలసంధిలో ఇసుకలో దాక్కునే బాబిట్ పురుగు ఉంది, చేపను కోరలతో లాక్కుని ఇసుకలోకి పోతుంది. 2016లో అచ్చైన పరిశోధన ఏమంటుందంటే, అక్కడి స్కోలోప్సిస్ అఫినిస్ చేపలు దాన్ని చూశాయంటే ఆ కన్నం మీద తలకిందులుగా నిలబడి, నోటితో దాని మీదికి నీళ్ళు ఊదుతాయి. పక్కనున్నవీ వచ్చి చేరతాయి. పురుగు లోపలికి జారుకుంటుంది. ఇంత తెలివైన చేపకు మనం మాత్రం "తెల్ల చారల చేప" అని పేరు పెడతాం.

సరే, స్క్రీన్ మీద ఈ ఫోటో చూడండి. పెద్ద కన్ను. కంటి కింద ముల్లు లేదు. పగటిపూట తీసింది, నీళ్ళలో వేలాడుతోంది. పేరు కామెంట్లో రాయండి. ఒట్టి "బ్రీమ్" అని రాస్తే డిలీట్ చేస్తాను.