సాయంత్రం రెండు గంటలు అడగడం ఎలా?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఉద్యోగం చేసుకుంటూనే పదిమందికీ పనికొచ్చే పని చేయాలనుకునేవారి కోసం ఈ రోజు విజయవాడ నుంచి ఫోన్-ఇన్. కార్మిక చట్టాల సలహాదారు మనతో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. బీసెంట్ రోడ్డులో బట్టల దుకాణంలో పనిచేస్తాను, ఉండేది వాంబే కాలనీ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా ఇళ్లు మునిగాయి. అప్పటి నుంచి సాయంత్రాలు పిల్లలను కూర్చోబెట్టి చదివిస్తున్నాను. ఒక పాప వరదలో నానిన తెలుగు వాచకాన్ని ఎండబెట్టి తెచ్చింది. పేజీలు అంటుకుపోయాయి, అంచున బురద గీత. గోటితో ఒక్కో పేజీ విడదీసి చదివేది. కొత్తది ఇచ్చినా పాతదాన్ని పారేయలేదు. ఈ మధ్య దుకాణంలో నన్ను రాత్రి 9 దాకా ఉండమంటున్నారు. యజమాని మంచివారే, వరద రోజుల్లో పులిహోర పొట్లాలు కట్టించి పంపారు. సమయం అడిగితే మాత్రం, ‘నీకిస్తే అందరూ అడుగుతారమ్మా’ అంటున్నారు.

సలహాదారు: అందరూ అడిగితే అంతకన్నా కావలసిందేముందమ్మా! ముందు చట్టం సంగతి. 1988 నాటి మన దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం వారానికి ఒక రోజు సెలవు మీ హక్కు. సేవ కోసం జీతంతో సమయం ఇవ్వాలని అందులో లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి పనిరోజున రక్తదానం చేస్తే ప్రత్యేక సాధారణ సెలవు దొరుకుతుంది. మీకు ఆపాటి కూడా లేకపోవడం అన్యాయమే. అందుకని మాట్లాడి ఒప్పించుకోవాలి. ‘సెలవు కావాలి’ అనకండి. ‘మంగళవారం అయిదు నుంచి ఏడు’ అని చెప్పండి. ఏ రోజు బేరాలు పలచగా ఉంటాయో మీకు తెలుసు కదా. ఆషాఢం తగ్గింపులప్పుడు, దసరాకు, పెళ్లి ముహూర్తాలకు అడగనని ముందే మాటివ్వండి. మీ కౌంటరు చూసే అమ్మాయిని ఒప్పించుకునే వెళ్లండి, ఆమెకు అవసరమైన రోజు మీరు నిలబడాలి. మూడు నెలలు చూడమనండి.

శ్రోత: జీతం కోస్తారేమోనండీ.

సలహాదారు: అది తేల్చుకున్నాకే మొదలుపెట్టండి. వారపు సెలవును మాత్రం దీనికి ధారపోయకండి. విశ్రాంతి లేకపోతే ఆరు నెలలకు ఒళ్లు మొరాయిస్తుంది, పిల్లల చదువు మళ్లీ మొదటికొస్తుంది. నోటు పుస్తకాలు ఎవరు కొంటున్నారు?

శ్రోత: నేనేనండీ.

సలహాదారు: ఆ ఖర్చు యజమానిని అడగండి. పులిహోర పంపిన మనిషి కాదనరు.

వ్యాఖ్యాత: ఆటోనగర్ నుంచి ఒక కంపెనీ మేనేజరు గారు లైనులో ఉన్నారు.

శ్రోత: మా ఉద్యోగులకు నెలకు ఒక పూట సేవకు ఇవ్వాలనుకుంటున్నాం. ఆ పూట జీతాన్ని సీఎస్ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చులో చూపవచ్చా?

సలహాదారు: కుదరదండీ. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ వర్తించే కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. ఉద్యోగుల సమయానికి వెల కట్టి అందులో కలపకూడదని కేంద్రం 2021లో స్పష్టం చేసింది. అయినా ఇవ్వండి! చెక్కు ఇచ్చేవారు చాలామంది ఉన్నారు, మనిషిని పంపేవారే కరువు. ఆ పూటను డ్యూటీ చార్టులోనే రాయించండి. లేకపోతే పని ఒత్తిడి రాగానే మొదట ఎగిరిపోయేది అదే.

శ్రోత: కాంట్రాక్టు వాళ్లకు కూడా ఇవ్వాలంటారా?

సలహాదారు: ముందు వాళ్లకే ఇవ్వండి. వరదలో ఏ సందులో మంచం పట్టిన ముసలివాళ్లు ఉన్నారో ఆ సందులో ఉండేవాళ్లకే తెలుస్తుంది. మీ గేటు దగ్గర కాపలా కాసేవారు, షెడ్డు ఊడ్చేవారు ఏ కాలనీల నుంచి వస్తున్నారో ఒకసారి అడిగి చూడండి.

శ్రోత: రేపే కాంట్రాక్టరును పిలిచి మాట్లాడతానండీ.