జీబీఎస్‌లో వెన్ను నీరు: ప్రొటీన్ కన్నా ముందు కణాలు చూడండి

డెల్టా ఆసుపత్రుల డాక్టర్లకూ ల్యాబ్ టెక్నీషియన్లకూ నమస్కారం.

గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో విరేచనాలు పట్టుకుంటాయి, తగ్గుతాయి. పది రోజులకి అరికాళ్లలో తిమ్మిర్లు మొదలై, మనిషి మెట్లెక్కలేడు. మోకాలి మీద సుత్తితో తట్టినా కాలు కదలదు. జీబీఎస్ (గిలాన్-బారే సిండ్రోమ్, ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేసే జబ్బు) అనుకుని వెన్నులో సూదితో వెన్ను నీరు (సీఎస్ఎఫ్) తీస్తాం. ప్రొటీన్ డెసిలీటరుకు 38 మిల్లీగ్రాములని వస్తుంది. ‘నార్మలే’ అని ఇంటికి పంపేస్తే మాత్రం కొంప మునుగుతుందండీ.

1916లో గిలాన్, బారే, స్ట్రోల్ ఇద్దరు సైనికుల్లో గమనించింది ఇదే: వెన్ను నీటిలో ప్రొటీన్ పెరిగింది, తెల్లకణాలు పెరగలేదు. నరాల మూలాల దగ్గర రక్తానికీ నరానికీ మధ్య అడ్డుగోడ పలచన. అక్కడ వాపు వస్తే రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ వెన్ను నీటిలోకి ఊరుతుంది. ఊరడానికి రోజులు పడుతుంది. అందుకే మొదటి వారంలో మూడోవంతు నుంచి సగం మందికి ప్రొటీన్ మామూలుగానే ఉంటుంది. రెండు మూడు వారాలకి ఎక్కువ మందిలో పెరుగుతుంది. యాభై దాటినవాళ్లకి 60 దాకా మామూలే. షుగర్ ఒక్కటే ఉన్నా పెరుగుతుంది, మన దగ్గర షుగర్ లేని ఇల్లేది?

కణాల సంగతి వేరు. మైక్రోలీటరుకు 5 లోపు ఉండాలి. 50 దాటితే హెచ్ఐవీ, పోలియో వంటి ఇన్ఫెక్షన్లు, క్యాన్సర్ వెతకాలి. ఈ లెక్క ఎక్కువగా చెడేది ఆలస్యం వల్ల. శాంపిల్ ఐస్ బాక్సులో రావులపాలెం దాటి, సాయంత్రం ఎవరో లెక్కించేసరికి తెల్లకణాలు పగిలిపోతాయి. అప్పుడు మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) నీరు కూడా కణాలు తక్కువ, ప్రొటీన్ ఎక్కువగా, అచ్చం జీబీఎస్‌లా కనబడుతుంది. గంటలోపు మీ ల్యాబులోనే న్యూబాయర్ చాంబర్‌లో (కణాలు లెక్కించే గళ్ల గాజు పలకలో) లెక్కించండి.

మూడు ట్యూబులు తీస్తే మొదటిది కణాల లెక్కకి వాడొద్దు, సూది దెబ్బకి వచ్చిన రక్తం అందులోనే ఎక్కువ. ఆ రక్తంతో ప్రొటీనూ వస్తుంది కాబట్టి, మైక్రోలీటరుకు ప్రతి 1000 ఎర్రకణాలకీ ప్రొటీన్ లెక్కలోంచి డెసిలీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము తీసేయండి. జీబీఎస్‌కి ఇచ్చే యాంటీబాడీల మందు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాక తీసిన నీటిలో కణాలూ ప్రొటీనూ రెండూ పెరగవచ్చు. అందుకని ముందే తీయాలి.

సూది పట్టకముందే రక్తంలో పొటాషియం చూడండి, అది తగ్గినా కాళ్లు పడిపోతాయి. కనురెప్పలు వాలితే, నేల మీద పడుకున్నవాళ్లయితే కట్లపాము గుర్తుకు రావాలి, దాని కాటుకీ కండరాలు చచ్చుబడతాయి. పదిహేనేళ్లలోపు పిల్లలైతే పోలియో నిఘాకి వెంటనే తెలియజేసి, 14 రోజుల్లోపు 24 గంటల తేడాతో రెండు మల నమూనాలు పంపాలి.

ప్రొటీన్ ఎంతున్నా జబ్బు తీవ్రత తెలియదు. ప్రాణం తీసేది ఊపిరి. గట్టిగా గాలి పీల్చి ఒక్క దమ్ములో అంకెలు లెక్కపెట్టమనండి. 20 దాటకపోతే ఆక్సిమీటర్ 98 చూపిస్తున్నా వెంటిలేటర్ ఉన్న చోటికి పంపాలి. ఇమ్యునోగ్లోబులిన్ కిలోకి 0.4 గ్రాములు, ఐదు రోజులు: 60 కిలోల మనిషికి రోజుకి 24 గ్రాములు. స్టెరాయిడ్లు పనిచేయవు.

రెఫరల్ చీటీలో కాళ్లు బలహీనపడిన తేదీ, నీరు తీసిన తేదీ పక్కపక్కనే రాయండి. ఆ 38 మూడో రోజుదో పదమూడో రోజుదో కాకినాడలో చూసే డాక్టరుకి తెలియాలి.